వైద్యులకు ఓటు లేని వైద్య మండలి

మన దేశంల వకీళ్లు తమ రాష్ట్ర బార్ కౌన్సిల్‌ను తామే ఎన్నుకుంటరు. చార్టర్డ్ అకౌంటెంట్లు తమ కౌన్సిల్‌కు 32 మంది దాకా ఓట్లేసి పంపుతరు, సర్కారు నామినేట్ చేసేది ఎనిమిది మందికి మించదు. మరి ఆయుర్వేదం, యునానీ, సిద్ధ చదివి రిజిస్టర్ చేయించుకున్న వైద్యుల సంగతేంది? 2020 దాకా ఢిల్లీల ఉన్న కేంద్ర మండలికి వాళ్లు కూడా ప్రతినిధులను ఎన్నుకునేటోళ్లు. ఇయ్యాల ఆ ఓటు లేదు. దేశంల ఒక్క ఆయుర్వేద వైద్యులే నాలుగు లక్షలకు పైన ఉన్నరు. వాళ్ల చదువు, రిజిస్ట్రేషన్, శిక్షలు అన్నింటికీ రూల్స్ రాసే జాతీయ కమిషన్‌లో 29 మంది ఉంటే, అందరినీ నియమించేది కేంద్ర సర్కారే.

నేను బీఏఎంఎస్ చదివి చిన్న టౌన్‌ల ప్రాక్టీస్ చేసుకుంటున్న. ఓటు పోయిందని బాధపడేటోళ్లు మా తోటి డాక్టర్లల్ల తక్కువే. "పోతే పోనీ, ఉన్నప్పుడు ఏం ఒరిగింది?" అనేటోళ్లే ఎక్కువ. ఆ మాటల నిజం ఉంది. ఎన్నికల మండలి పాడైంది, అది అందరం చూసినం. కానీ పాడైన బాయిని పూడిక తీసి బాగు చేసుకుంటరు గానీ, మట్టి పోసి మూసెయ్యరు. ఢిల్లీల మూసేసిన్రు. రాష్ట్రాల్లో మాత్రం ఇంకా కొంచెం మిగిలింది. దాన్నన్నా కాపాడుకోవాలె అన్నదే నా మాట.

మండలి పని ఏంది?

ముందు ఒక ముచ్చట సాఫ్ చేసుకుందాం. మందు మంచిదా కాదా, ఫ్యాక్టరీకి లైసెన్సు ఇయ్యాల్నా వద్దా అనేది ఈ మండలి పని కాదు. అది డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద నడిచే వేరే శాఖ పని. 2021 మే నెలల నెల్లూరు జిల్లా కృష్ణపట్నంల ఆనందయ్య కరోనా మందు కోసం జనం వేలల్ల లైన్ కట్టినప్పుడు, "మీ ఆయుర్వేద మండలి ఏం చేస్తున్నది సార్?" అని నన్ను కూడా కొందరు అడిగిన్రు. ఆ మందును పరీక్షించింది ఆయుష్ అధికారులు, పరిశోధన సంస్థలు. ఆఖరుకు అనుమతి ఇచ్చింది రాష్ట్ర సర్కారు. మందు సంగతి వాళ్లు చూస్తరు, మనిషి సంగతి మండలి చూస్తది. ఎవరు వైద్యుడు, ఎవరు కాదు అన్నది తేల్చేది అదే.

ఏ కాలేజీకి ఎన్ని సీట్లు ఇయ్యాలె, దవాఖానల ఎన్ని బెడ్లు ఉండాలె, ఎంతమంది సార్లు ఉండాలె, నాలుగున్నరేండ్ల కోర్సుల ఏం చెప్పాలె, ఏడాది ఇంటర్న్‌షిప్ ఎట్ల చేయాలె అన్నీ అక్కడ్నే తేలుతయి. వైద్యుడు పాటించాల్సిన నీతి నియమాలు అక్కడ్నే రాస్తరు. తప్పు చేసిన వైద్యుని మీద ఫిర్యాదు వస్తే ముందు రాష్ట్ర కౌన్సిల్ వింటది, అప్పీలు ఢిల్లీకి పోతది.

రోగి దిక్కు నుంచి చూస్తే ఇది ఇంకా పెద్ద సంగతి. కీళ్ల నొప్పులకని ఒకాయన భస్మం వాడిండు అనుకుందాం. సరిగ్గ శుద్ధి చేయని మందు, మోతాదు చూడకుండ ఇచ్చిన్రు. సీసమో, పాదరసమో ఒంట్లకెక్కి కిడ్నీలు దెబ్బతిన్నయ్. ఆ మందు రాసిచ్చినాయన రిజిస్టరైన వైద్యుడే అయితే ఆయన లైసెన్సును ప్రశ్నించే జాగ రాష్ట్ర కౌన్సిలే. అక్కడ కూసునేటోళ్లు ఎవరు, వాళ్లు ఎవరికి జవాబు చెప్పాలె అన్నది డాక్టర్ల ఇంటి గొడవ ఎట్లయితది? మందు మింగేటోని గొడవ కూడా.

ఓటు ఎట్ల వచ్చింది?

1914ల మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చినప్పుడు, రిజిస్టర్ ఇంగ్లీషు వైద్యం చదివినోళ్లకే. వైద్యులు, హకీములు బయటనే నిలబడ్డరు. జనానికి ముప్పాతిక వంతు వైద్యం చేసేది వాళ్లే అయినా కాగితం మీద వాళ్లు లేరు. దాని మీద పెద్ద కొట్లాటే నడిచింది. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం దిక్కు వచ్చిన ఆచంట లక్ష్మీపతి లాంటి తెలుగోళ్లు అందులో ముందున్నరు. మద్రాసు ప్రెసిడెన్సీల 1921ల ఉస్మాన్ కమిటీ వేసిన్రు, 1923ల రిపోర్టు వచ్చింది, 1925ల మద్రాసుల దేశీ వైద్యం స్కూలు తెరిచిన్రు. బొంబాయిల 1938ల వైద్యులకు, హకీములకు రిజిస్టర్ పెట్టే చట్టం తెచ్చిన్రు. మన దిక్కు చూస్తే, నిజాం కాలంల హైదరాబాద్‌ల యునానీకి చార్మినార్ పక్కనే పెద్ద దవాఖాన, తిబ్బీ కాలేజీ కట్టిన్రు. అవి ఇయ్యాల్టికీ నడుస్తున్నయ్.

దేశం మొత్తానికి ఒకటే చట్టం 1970ల వచ్చింది. అదే ఇండియన్ మెడిసిన్ సెంట్రల్ కౌన్సిల్ చట్టం. 1971ల మండలి ఏర్పడ్డది. అందులో సభ్యులు మూడు దారుల్ల వచ్చేటోళ్లు. ఒకటి, రిజిస్టర్ నడిపే ప్రతి రాష్ట్రం నుంచి ఒక్కో వైద్య పద్ధతికి ఐదుగురికి మించకుండ, ఆ రిజిస్టర్ల ఉన్న వైద్యులే తమలో నుంచి ఎన్నుకునేటోళ్లు. రెండు, ప్రతి యూనివర్సిటీ నుంచి ఆయా విభాగం అధ్యాపకులు ఒక్కో పద్ధతికి ఒకరిని పంపేటోళ్లు. మూడు, కేంద్ర సర్కారు నామినేట్ చేసేటోళ్లు. అయితే ఆ నామినేటెడ్ సభ్యులు ఎన్నికైనోళ్ల లెక్కల 30 శాతానికి మించొద్దు. ప్రెసిడెంటును సభ్యులే ఎన్నుకునేటోళ్లు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీకి వేర్వేరు వైస్ ప్రెసిడెంట్లు. 2010ల సోవా రిగ్పాను కూడా చట్టంల కలిపిన్రు.

ఈ లెక్కల ఒక తెలివి ఉంది. ఆయుర్వేదపోళ్లు ఎక్కువ, యునానీ, సిద్ధపోళ్లు తక్కువ. అందరికీ ఒకటే ఓటరు లిస్టు పెడితే యునానీ హకీము ఎన్నటికీ గెలువడు. అందుకే పద్ధతికి వేరే సీటు, రాష్ట్రానికి వేరే సీటు పెట్టిన్రు. చార్మినార్ దగ్గర ఉర్దూల చీటీ రాసే హకీము సాబ్‌కు కూడా ఢిల్లీల మనిషి ఉండే దారి ఉండె.

పాడైంది ఎక్కడ?

దారి ఉండె గానీ, నడిచినోళ్లు దాన్ని గుంతలు చేసిన్రు.

మొదటి గుంత చట్టంలోనే ఉన్నది. సభ్యుని గడువు ఐదేండ్లు "లేదా తర్వాతి సభ్యుడు ఎన్నికయ్యేదాకా, ఏది ఎక్కువైతే అది" అని రాసిన్రు. ఆ ఆఖరి మాట చూడుండ్రి. ఎన్నికలు ఆలస్యమైతే పాతోడే కొనసాగుతడు. అట్లాంటప్పుడు ఎన్నికలు తొందరగ పెట్టాలని ఎవరికి ఉంటది? కుర్చీల ఉన్నోడే కుర్చీ ఖాళీ చేసే తారీఖును సాగదీసుకునే వీలు చట్టమే ఇచ్చింది. సర్పంచ్ గడువు అయిపోతే స్పెషలాఫీసర్ వస్తడు, పాత సర్పంచ్ ఐతే ఉండడు గదా. ఇక్కడ ఆ పద్ధతి కూడా లేకపాయె.

రెండోది ఓటరు లిస్టు. రాష్ట్ర రిజిస్టర్ల ఒకసారి ఎక్కిన పేరు చనిపోయినా పోదు. పాత అడ్రసులు, ఊరు మారినోళ్లు, వృత్తి మానేసినోళ్లు అందరూ లిస్టుల ఉంటరు. ఓటేమో పోస్టుల. మనిషి లేని అడ్రసుకు పోయిన ఓటు కాగితం ఎవరి చేతిల పడ్డదో ఎవరు చూసొచ్చిన్రు? పోస్టల్ బ్యాలెట్ తప్పని నేను అనను. గానీ లిస్టు సాఫ్ లేనప్పుడు పోస్టల్ బ్యాలెట్ పెడితే పైసలున్నోనికి, మనుషులున్నోనికి అది పండుగ.

మూడోది అన్నింటికన్న పెద్దది, కాలేజీల యవ్వారం. మండలి కాలేజీలను తనిఖీ చేస్తది, సీట్లు ఇస్తది. ప్రైవేటు కాలేజీ నడిపేటోనికి ఆ తనిఖీ బతుకు చావు లెక్క. అందుకే మండలిల తమ మనిషి ఉండాలని కాలేజీలు చూస్తయి. నేను చదివిన రోజుల్ల తనిఖీ వస్తుందంటే కాలేజీల ముందు రోజు రాత్రి నుంచే హడావుడి. ఖాళీగ ఉండే వార్డుల కొత్త బెడ్‌షీట్లు పడేటియి. చుట్టుపక్కల ఊర్ల నుంచి కూలీ ఇచ్చి మనుషులను తెచ్చి పేషెంట్లని పండబెట్టేటోళ్లు. మేము ఏడాదంతా చూడని సార్లు ఆ ఒక్క దినం స్టాఫ్ రూంల కూసునేటోళ్లు. వాళ్ల పేర్లు మాకు ముందే చెప్పి బట్టీ పట్టించేటోళ్లు. అట్లాంటి కాలేజీల నుంచి బయటికొచ్చిన పిల్లలు నాడి పట్టుడు ఎక్కడ నేర్చుకుంటరు? పేషెంటే లేని దవాఖానల ఇంటర్న్‌షిప్ అంటే సంతకాల పుస్తకమే.

కాబట్టి "ఎన్నికల మండలి బాగుండె, సర్కారు చెడగొట్టింది" అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అట్లని ఎన్నికే తప్పని కూడా ఒప్పుకోను. గడువుకు గట్టి తారీఖు లేకపోవుడు, దొంగ లిస్టు, కాలేజీ యజమానులకు అడ్డు లేకపోవుడు ఈ మూడే రోగాలు. ఓటు రోగం కాదు.

ఓటు ఎట్ల పోయింది?

మొదలు హోమియోపతి దగ్గర షురూ అయింది. 2018 మే నెలల ఆర్డినెన్స్ తెచ్చి హోమియోపతి కేంద్ర మండలిని పక్కకు పెట్టి, బోర్డ్ ఆఫ్ గవర్నర్స్‌ను కూసోబెట్టిన్రు. 2020 ఏప్రిల్‌ల, దేశం మొత్తం లాక్‌డౌన్‌ల ఇంట్ల కూసున్నప్పుడు, ఇంకో ఆర్డినెన్స్ వచ్చింది. ఈసారి ఆయుర్వేద, సిద్ధ, యునానీ మండలి వంతు. అదే ఏడాది సెప్టెంబర్‌ల పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2021 జూన్ 11 నుంచి పాత మండలి జాగల నేషనల్ కమిషన్ ఫర్ ఇండియన్ సిస్టమ్ ఆఫ్ మెడిసిన్ వచ్చింది.

కొత్త చట్టంల మంచి లేదని కాదు. చైర్మన్‌కు నాలుగేండ్లకు మించి గడువు లేదు. ఆస్తులు చెప్పాలె. చదువు చూసే బోర్డులు వేరు, కాలేజీలను తనిఖీ చేసే బోర్డు వేరు, నీతి నియమాలు, రిజిస్ట్రేషన్ చూసే బోర్డు వేరు. ఇంతకుముందు అన్నీ ఒకే చేతిల ఉండె. వైద్యులు కానోళ్లకు, అంటే లా, మేనేజ్‌మెంట్, రోగుల హక్కుల మీద పనిచేసినోళ్లకు కూడా జాగ పెట్టిన్రు. ఇయన్నీ కావాల్సినవే.

కానీ మనుషులను ఎంచేది ఎవరు? కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన సెర్చ్ కమిటీ. ఆ కమిటీ పేర్లు చెప్తది, కేంద్రం నియమిస్తది. రాష్ట్రాల నుంచి వచ్చేటోళ్లు ముందు సలహా మండలిల కూసుంటరు. అందులో నుంచి కొందరు వంతుల వారీగ రెండేండ్ల కోసం కమిషన్‌కు పోతరు. ఒక రాష్ట్రం వంతు ఒకసారి అయిపోయినంక మళ్లెప్పుడొస్తదో లెక్కేసుకోవాల్సిందే. యునానీ, సిద్ధ, సోవా రిగ్పా మూడింటినీ ఒకే బోర్డు కింద కట్టిన్రు. పైన ఇంకో ముడి ఉంది. విధానం విషయంల కేంద్ర సర్కారు ఆదేశం ఇస్తే కమిషన్ పాటించాలె. ఏది విధానం, ఏది కాదు అన్నది కూడా సర్కారే తేలుస్తది.

ప్రతినిధులు లేని కాలంల ఏమైతదో 2020 నవంబర్‌లనే చూసినం. ఆయుర్వేద పీజీ విద్యార్థులు నేర్చుకోవాల్సిన 58 రకాల సర్జరీల లిస్టు గెజిట్‌ల వచ్చింది. శల్యంల 39, కన్ను, చెవి, ముక్కు, గొంతు చూసే శాలాక్యంల 19. దేశమంతా దుమ్ము లేచింది. డిసెంబర్ 11న ఐఎంఏ పిలుపు మీద అల్లోపతి డాక్టర్లు ఓపీలు బంద్ పెట్టిన్రు. ఆ లిస్టు మంచిదని అనేటోళ్లు మాల ఉన్నరు. శల్యం పీజీ చేసినోళ్లు మొలలు, భగందరం ఆపరేషన్లు ఎన్నో ఏండ్ల నుంచి చేస్తనే ఉన్నరు. మత్తుమందు ఎవరిస్తరు, ఏమన్నా అయితే జిమ్మేదారి ఎవరిదని భయపడేటోళ్లు కూడా మాల ఉన్నరు. నా ప్రశ్న వేరే. ఇంత పెద్ద నిర్ణయం తీసుకున్న దినం ఆ కుర్చీల్ల వైద్యులు ఎన్నుకున్న మనిషి ఒక్కడు లేడు. ఉన్నదంతా సర్కారు కూసోబెట్టిన బోర్డ్ ఆఫ్ గవర్నర్సే. టీవీల కొట్లాట జరిగింది గానీ మా తరపున లేచి మాట్లాడే సభ్యుడు లేడు, రేపు ఓటడగడానికొస్తే నిలదీసే వీలు మాకు లేదు.

నామినేషన్‌తోని సాఫ్ అయిందా?

ఎన్నికలంటే అవినీతి, నామినేషన్ అంటే నిజాయితీ అని చెప్పి ఓటు తీసేసిన్రు. ఐదేండ్లయినంక ఆ లెక్క సరి చూసుకోవాలె గదా.

2025 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు జాతీయ హోమియోపతి కమిషన్ చైర్మన్ నియామకాన్ని కొట్టేసింది. చట్టం అడిగిన అనుభవం ఆయనకు లేదన్నది కారణం. అదే ఏడాది జూన్‌ల ఢిల్లీ హైకోర్టు మన భారతీయ వైద్య కమిషన్ చైర్మన్ నియామకాన్ని కూడా కొట్టేసింది. చట్టం పీజీ డిగ్రీ ఉండాలె అన్నది, ఆయనకున్న పీహెచ్‌డీ దాని లెక్కలకు రాదు అన్నది కోర్టు మాట. ఆయన కాబిలా కాదా అన్నది నా ముచ్చట కాదు. కేబినెట్ సెక్రటరీ లాంటి పెద్ద అధికారి కూసున్న కమిటీలే చట్టంల రాసిన మొదటి అర్హత దగ్గర తడబడితే, "నిపుణులు ఎంచితే తప్పు జరగదు" అన్న మాట ఏమైంది? తీర్పు వచ్చేటాళ్లకు ఆయన నాలుగేండ్ల గడువు ఎట్లనూ ఆఖరుకొచ్చింది. ఆ నాలుగేండ్లు ఆ సంతకాల మీదనే కాలేజీలు నడిచినయ్.

అల్లోపతి దిక్కు చూస్తే పాఠం ఇంకా సాఫ్‌గ కనపడ్తది. ఎన్నికైన మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధ్యక్షుడు కేతన్ దేశాయ్‌ని 2010 ఏప్రిల్‌ల సీబీఐ అరెస్టు చేసింది. మరుసటి నెలల కౌన్సిల్‌ను సర్కారు రద్దు చేసింది. ఆ మచ్చ చూపెట్టే 2020 సెప్టెంబర్‌ల నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన్రు. మరి 2025ల ఏమైంది? ప్రైవేటు మెడికల్ కాలేజీల తనిఖీల మీద సీబీఐ మళ్లీ కేసు పెట్టింది. ఈసారి ఎఫ్ఐఆర్‌ల కేంద్ర ఆరోగ్య శాఖ ఉద్యోగుల పేర్లు, తనిఖీకి పోయిన డాక్టర్ల పేర్లు ఉన్నయ్. అవి ఆరోపణలే, కోర్టుల తేలాలె. కానీ రేటు కట్టేటోడు మనిషి ఎన్నికై వచ్చిండా, నామినేట్ అయ్యి వచ్చిండా అని చూడడు. సీట్లు ఇచ్చే కలం ఎవరి చేతుల ఉందో అది చూస్తడు. కలం ఉన్నకాడ వెలుతురు లేకపోతే, ఎట్ల వచ్చినోడైనా చెడిపోతడు.

"ఇంగ్లాండ్‌ల కూడా తీసేసిన్రు గదా?"

నామినేషన్‌ను సమర్థించేటోళ్ల దగ్గర ఒక గట్టి వాదన ఉంది. దాన్ని దాటేసి పోతే న్యాయం కాదు. "తప్పు చేసిన డాక్టర్‌ను శిక్షించే మనిషిని డాక్టర్లే ఎన్నుకుంటే వాళ్లనెట్ల శిక్షిస్తడు? ఓటేసినోని మీద చేయెత్తుతడా?" అని. ఇంగ్లాండ్‌ల జనరల్ మెడికల్ కౌన్సిల్ కూడా డాక్టర్లు ఓట్లేసి ఎన్నుకునే పద్ధతి ఆపేసింది, 2009 నుంచి అక్కడ అందరూ నియమితులే అని చూపిస్తరు.

అది నిజమే. అక్కడ హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టర్ తన పేషెంట్లను ఏండ్ల తరబడి చంపుకుంట పోయినా వ్యవస్థ పట్టుకోలేకపోయింది. ఆ ఎంక్వైరీ తర్వాత "కౌన్సిల్ డాక్టర్ల సంఘం లెక్క నడుస్తున్నది" అన్న విమర్శ గట్టిగ వచ్చింది. అందుకే మార్చిన్రు. అయితే మార్చినోళ్లు ఇంకొకటి కూడా చేసిన్రు. కౌన్సిల్‌ల సగం సీట్లు డాక్టర్లు కానోళ్లకు ఇచ్చిన్రు. డాక్టర్ ఓటు తీసి ఆ బలాన్ని రోగి చేతుల పెట్టిన్రు. మన దగ్గర డాక్టర్ ఓటు తీసి ఆ బలాన్ని మంత్రిత్వ శాఖ చేతుల పెట్టిన్రు. రెండింటికీ నడుమ ఎంత దూరం ఉందో చూడుండ్రి. ఇంగ్లాండ్‌ను చూపెట్టేటోళ్లు ఆ రెండో సగం కూడా తెస్తే మాట్లాడుకోవచ్చు.

శిక్షల విషయంల వాదన సబబే కాబట్టి, దానికి మందు కూడా అక్కడ్నే పెట్టాలె. ఫిర్యాదులు వినే కమిటీల ఎన్నికైన వైద్యులు సగానికి తక్కువ ఉండాలె. రిటైర్డ్ జడ్జి, రోగుల తరపు మనిషి, వేరే రాష్ట్రం వైద్యుడు ఉండాలె. చదువు, సిలబస్, రిజిస్ట్రేషన్, ప్రాక్టీస్ కష్టాలు మాట్లాడే కాడ మాత్రం వైద్యుడు ఎన్నుకున్న మనిషి ఉండకపోతే ఆ రూల్స్ ఏసీ గదుల్లో పుట్టి ఏసీ గదుల్లోనే చస్తయి. పల్లెల దవాఖాన నడిపేటోనికి కరెంటు బిల్లు నుంచి బయోమెడికల్ వేస్ట్ దాకా ఉండే తిప్పలు ఢిల్లీల ఎవరు చెప్పాలె?

మిగిలిన ఓటు రాష్ట్రంలనే

ఇగ అసలు ముచ్చటకొద్దాం. 2020 చట్టం రాష్ట్రాల కౌన్సిళ్లను రద్దు చేయలేదు. కౌన్సిల్ లేని రాష్ట్రం మూడేండ్లల్ల ఏర్పాటు చేసుకోవాలె అని చెప్పింది. చట్టం 2021 జూన్‌ల అమలుకొచ్చింది కాబట్టి ఆ గడువు 2024 జూన్‌తోనే అయిపోయింది. ఇంకో మాట కూడా ఉంది, చానామంది చదువని మాట. కేంద్ర సలహా మండలికి రాష్ట్ర కౌన్సిల్ పంపే మనిషి ఆ కౌన్సిల్‌ల ఎన్నికైన సభ్యుల్లోంచే ఉండాలె. అంటే ఢిల్లీదాకా పోయే సన్నని బాట ఒకటి ఇంకా తెరిచే ఉంది. దాని గేటు హైదరాబాద్‌ల, విజయవాడల ఉంది. రాష్ట్రంల ఎన్నికలే జరగకపోతే ఆ బాటల నడిచే మనిషే ఉండడు. కేంద్రాన్ని తిట్టి లాభం లేదు, అది మన రాష్ట్ర సర్కార్ల బాకీ.

ఎన్నికలు పెడితే ఏమైతదో అల్లోపతి వాళ్లను చూసి నేర్చుకోవచ్చు. 2023 ఆఖరుల తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగినయ్, 13 మందిని డాక్టర్లు ఎన్నుకున్నరు. ఆ తర్వాత డిగ్రీ లేకుండ వైద్యం చేసేటోళ్ల మీద కౌన్సిల్ తనిఖీలు ఎట్ల పెరిగినయో పేపర్లల్ల చూసినం. అందులో ఊరి ఆర్ఎంపీలకు కడుపు కాలింది, అది వేరే చర్చ. నేను చెప్పేది ఇంతే. ఓటేసినోళ్లు అడిగిన పని చేయాల్సిన గరజు ఎన్నికైనోనికి ఉంటది. ఆ గరజు నామినేటెడ్ మనిషికి తన్ను కూసోబెట్టినోని దగ్గర ఉంటది.

మన ఆయుర్వేద, యునానీ వైద్యుల కౌన్సిల్ ఎన్నికలు పాత రోగాలు లేకుండ జరగాలంటే కొన్ని పనులు ముందు కావాలె.

ఒకటి, రిజిస్టర్ కడుగాలె. బతికున్నోళ్లు, ప్రాక్టీస్ చేసేటోళ్లు ఎవరో తేల్చి, జిల్లాల వారీగ లిస్టు జనం ముందు పెట్టాలె. ఎర్రగడ్డ ఆయుర్వేద కాలేజీ, వరంగల్ అనంతలక్ష్మి కాలేజీ, చార్మినార్ తిబ్బీ కాలేజీ, విజయవాడ నోరి రామశాస్త్రి కాలేజీ, కర్నూలు అబ్దుల్ హక్ యునానీ కాలేజీ నోటీసు బోర్డుల మీద అతికిస్తే చాలు, దొంగ పేర్లు పిల్లలే పట్టిస్తరు.

రెండు, పోస్టుల ఓటు బంద్ చేసి, జిల్లా కేంద్రంల ఒక దినం పోలింగ్ పెట్టాలె. గుర్తింపు కార్డు చూపెట్టి మనిషే వచ్చి ఓటెయ్యాలె. జిల్లాకు కొన్ని వందల మంది ఓటర్లు, ఇదేం పెద్ద పని కాదు.

మూడు, కాలేజీ యజమాని, ట్రస్టు సభ్యుడు, మందుల కంపెనీల వాటా ఉన్నోడు పోటీ చేయొద్దు. చేసినా కాలేజీల ఫైలు వచ్చిన దినం ఆ గదిల కూసోవద్దు.

నాలుగు, గడువు ఐదేండ్లు అంటే ఐదేండ్లే. "ఏది ఎక్కువైతే అది" అన్న మాట రాష్ట్ర చట్టాల్ల ఎక్కడున్నా తీసెయ్యాలె. ఐదేండ్ల ఆఖరి దినంతోని కుర్చీ దానంతట అదే ఖాళీ కావాలె. ఒక మనిషి రెండు సార్లకు మించి వద్దు.

ఐదు, యునానీకి వేరే సీట్లు ఉండాలె. ఆడోళ్లకు సీట్లు ఉండాలె. ఇయ్యాల బీఏఎంఎస్ క్లాసుల్ల సగానికి సగం ఆడపిల్లలే కనపడ్తరు గానీ కౌన్సిల్ ఫొటోల వాళ్లు కనపడరు.

ఆరు, రోగుల తరపు మనుషులు మూడో వంతన్నా ఉండాలె. ఫిర్యాదు ఎన్ని వచ్చినయ్, ఎన్ని తేలినయ్ అన్నది ఏటా బయట పెట్టాలె. మీటింగ్ మినిట్స్ వెబ్‌సైట్‌ల పెట్టాలె.

ఇందులో ఒక్కటి కూడా ఖజానా మీద బరువు పడే పని కాదు. మనసు పెడితే ఆరు నెలల పని.

ఆఖరుకు రెండు మాటలు. తోటి వైద్యులకు చెప్పేదేందంటే, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పోయినప్పుడు ఫీజు కట్టి రసీదు తీసుకొని ఉత్తగ రాకుండ్రి. ఈ కౌన్సిల్‌ల ఎన్నికైనోళ్లు ఎంతమంది, వాళ్ల గడువు ఎప్పటిదాకా, ఓటరు లిస్టుల నా పేరు ఉన్నదా అని మూడు ప్రశ్నలు రాసి ఇయ్యుండ్రి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుండ్రి. పదిమంది అడిగితే ఫైలు కదుల్తది. మా దగ్గరికి వచ్చే పేషెంట్లకు చెప్పేది కూడా ఉంది. కషాయం మీరు తాగుతరు, దాని బాగోగులు మీ ఒంటి మీదనే తేలుతయి. గోడ మీద వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదా చూడుండ్రి, లేకపోతే అడుగుండ్రి. ఉంటే, ఆ నంబరు ఇచ్చిన కౌన్సిల్‌ల మీ తరపున ఎవరు కూసున్నరో కూడా అడుగుండ్రి. అసెంబ్లీల మన ఎమ్మెల్యేలు బస్సుల మీద, బడుల మీద అడుగుతరు. ఈ ముచ్చట మీద ఒక్క ప్రశ్న వేయమని వాళ్లను అడిగే హక్కు కూడా మనకున్నది.